హిరావో బాగుచేసిన తెర

మా యావతాహామా రేవు వీధిలో టీవీలో బొమ్మ చెదిరిపోతే జనం ముందు దాని నెత్తిన రెండు తగిలించేవాళ్ళు. అప్పటికీ దారికి రాకపోతే హిరావోకి కబురు పెట్టేవాళ్ళు. నలభై ఏళ్ళు ఇదే వరస. హిరావో తమోత్సు పొట్టిమనిషి, స్కూటరు వెనక పనిముట్ల పెట్టె, చెవి మీద పెన్సిలు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే లోపల్నించి వచ్చే గరగర విని రోగం ఇదీ అని చెప్పేసేవాడు. "నా చేతిలో వెలగని తెర ఇంకా పుట్టలేదు" అనేవాడు. పోనీ ఒకసారి అని ఊరుకున్నాడా? పెళ్ళికి పిలిస్తే అక్కడా అదే, చావుకి వెళ్తే అక్కడా అదే. వాళ్ళావిడ మసాయె విసిగిపోయి, "ఆ ముక్క చొక్కా వీపు మీద కుట్టించి ఇస్తా, నోటికి కాస్త విశ్రాంతి ఇవ్వవయ్యా" అనేది.

తర్వాత పల్చటి టీవీలొచ్చాయి. పాడైతే బాగుచేయించే పని లేదు, పారేసి కొత్తది తెచ్చుకోవడమే. అరవై అయిదో ఏట హిరావో కొట్టు మూసేశాడు. మూడేళ్ళు ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వచ్చే పోయే పడవలు లెక్కపెట్టాడు. పనివాడు ఖాళీగా కూర్చుంటే ఎలా ఉంటాడో మసాయెని అడగండి, చెబుతుంది. కూరలో ఉప్పు దగ్గర్నించి పక్కింటి పిల్లి దాకా అన్నిటికీ వంకే.

ఆ సమయంలోనే పాత కంప్యూటర్లని నడిపించే వ్యవస్థకి ఇక మీదట రక్షణ పంపేది లేదని దాని కంపెనీ నుంచి వార్త వచ్చింది. మా వీధిలో ముసలివాళ్ళంతా బెదిరిపోయారు. హిరావోకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. పుస్తకాల షాపులో ఒక పత్రిక కొన్నాడు, మూసేసిన కొట్టు గదిలో నెల్లాళ్ళు తలుపు వేసుకున్నాడు, లినక్స్ అనే ఉచిత వ్యవస్థని పాత యంత్రాల్లో ఎలా ఎక్కించాలో నేర్చుకున్నాడు. ఇంటింటికీ తిరిగే వార్డు కబుర్ల అట్ట మీద కాగితం అంటించాడు: 'మీ పాత కంప్యూటరు పారేయకండి. శనివారం వార్డు హాలుకి తీసుకురండి. హిరావో.' ప్రతిఫలం వద్దన్నాడు. వద్దనడంలోనే ఉంది ఆయన గొప్పంతా. ఎనిమిది వారాల్లో పదకొండు యంత్రాలు బాగుచేశాడు. దారిలో కనిపిస్తే జనం మళ్ళీ వంగి దండం పెట్టసాగారు. ఆయన మెడ నిటారుగా నిలబడింది.

ఆ పదకొండింటిలో తొమ్మిదోది సుగాయెది.

నీయామా సుగాయెకి ఎనభై ఒకటి. దేశం ఉత్తరపు కొసన ఉన్న రుమోయి నుంచి మా వీధికి కోడలిగా వచ్చి యాభై ఎనిమిదేళ్ళు. మొగుడు చేపల ఓడ మీద పనిచేసేవాడు, పోయి పదేళ్ళయింది. పిల్లల్లేరు. ఉన్నదల్లా రుమోయిలో అన్న, కిసాబురో. ఆయనకి ఎనభై ఆరు. బతుకంతా దుకాణాల మీద బోర్డులు రాసిన చెయ్యి. గొంతులో పుండు లేచి, స్వరపేటిక తీసేశారు. మాట పోయింది. ఫోను చేస్తే ఈవిడ మాట ఆయనకి వినిపిస్తుంది, ఆయన దగ్గర్నించి ఊపిరి చప్పుడు తప్ప ఏమీ రాదు. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆయన్ని చూసుకునే ఆయమ్మ కంప్యూటరు పెట్టి, తన పనుల్లోకి వెళ్ళిపోతుంది. కిసాబురో ఒళ్ళో తెల్లపలక పెట్టుకుని రాసి కెమెరా ముందు ఎత్తిపట్టుకుంటాడు. ఈవిడ ఇక్కడ చదివి జవాబు చెబుతుంది. అన్నాచెల్లెళ్ళ మధ్య మిగిలిన మాట అంతే. ఆ పలక చదవగలిగితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

అక్టోబరు మొదటి శనివారం ఆవిడ తన కంప్యూటర్నీ వెడల్పాటి మానిటర్నీ బండిలో పెట్టుకుని హాలుకి తోసుకొచ్చింది. చుట్టూ ఎనిమిదిమంది, చేతుల్లో టీ గిన్నెలు. హిరావో లినక్స్ ఎక్కించాడు, మళ్ళీ స్విచ్చి వేశాడు. తెర నల్లగా ఉండిపోయింది.

ఇంకోసారి వేశాడు. నలుపే.  మూల కూర్చున్న దర్జీ ముసలాయన, "ఏం హిరావో, వెలగని తెర పుట్టిందా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నవ్వింది ప్రేమగానే, కాని హిరావో చెవులు ఎర్రబడ్డాయి. పక్క యంత్రంలో గబగబా వెతికాడు. ఒక పేజీలో దొరికింది. యంత్రం మొదలయ్యేటప్పుడు చదివే వరసలో ఒక్క మాట చేరిస్తే, బొమ్మ గీసే భాగం జోలికి పోకుండా ఏదో ఒకలా తెర వెలిగిస్తుందట. ఆ మాట కొట్టాడు. వెలిగింది! చప్పట్లు కొట్టారు. దర్జీ ముసలాయన లేచి నిలబడి మరీ కొట్టాడు.

ఆ పేజీలో కిందనే ఇంకో వాక్యం ఉంది. ఇది తాత్కాలికం మాత్రమే, వ్యవస్థ ఎక్కాక ఈ మాట తీసేసి, బొమ్మ గీసే భాగానికి సరైన డ్రైవరు, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రాము, వేసుకోవాలి, లేకపోతే బొమ్మ ముతకగా సాగిపోయి, వీడియో తడబడుతుంది, అని. హిరావో చదివాడు. చదవలేదని నేను అబద్ధం చెప్పను, ఆయనా చెప్పలేదు తర్వాత. చదివి, కుర్చీలోంచి లేచాడు. ఆ మాట తీస్తే మళ్ళీ నల్లబడితే? ఎనిమిదిమంది ముందు రెండోసారి?

సుగాయె తెర ముందుకి వంగి చూసింది. "తెర మీద గడియారం కాస్త అడ్డంగా సాగినట్టుందేమోనండీ… నా కళ్ళేలెండి, పాడుకళ్ళు."

"కళ్ళు కాదక్కా, మానిటరుకి వయసైపోయింది" అన్నాడు హిరావో గట్టిగా, అందరికీ వినబడేట్టు. "వయసైతే ఎవరికైనా నడుం దగ్గర కాస్త సాగుతుంది కదా!"

హాలంతా నవ్వింది. సుగాయె కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుల మధ్యనే ఆయనకి లోపల ముల్లు గుచ్చుకుంది. రేపు వాళ్ళింటికి వెళ్ళి సరిచేసేద్దాం అనుకున్నాడు. రేపు కమలాల తోటలో బావమరిదికి సాయం. ఎల్లుండి వాన. ఆ తర్వాత వారం చేపల అప్పాల అంగడి దగ్గర ఆవిడే ఎదురైంది.

"ఎలా ఉందక్కా యంత్రం?"

"మీ దయవల్ల బ్రహ్మాండంగా ఉంది, హిరావో గారూ" అని నడుం సగానికి వంచి, తను కొనుక్కున్న వేడి అప్పాల్లో సగం ఆయన చేతిలో పెట్టేసింది. తిన్నాడు. ముల్లు కరిగిపోయింది. మా వీధిలో 'మీ దయవల్ల' అంటే ఏమిటో పసిపిల్లలకి కూడా తెలుసు. కాలు విరిగి మంచంలో ఉన్నవాణ్ణి అడిగినా మీ దయవల్ల అంటాడు. అరవై తొమ్మిదేళ్ళవాడు, ఈ వీధిలోనే పుట్టినవాడు, హిరావోకి తెలియదా? తెలుసు. నమ్మితే సుఖం కాబట్టి నమ్మాడు.

నవంబరు చివరి ఆదివారం మధ్యాహ్నం కబుర్ల అట్ట అందించే వంతు హిరావోది, తర్వాతి ఇల్లు సుగాయెది. తలుపు జరిపి, "ఉన్నారా అక్కా" అన్నాడు.  లోపల్నించి ఆవిడ గొంతు. "అలాగే అన్నయ్యా… ఆ, అలాగే… బావుంది, బావుంది!" ఆ తర్వాత నవ్వు. ఆ నవ్వు ఎందుకో అతికించినట్టుంది. హిరావో చెప్పులు విప్పి లోపలికి తొంగిచూశాడు.

సుగాయె గడ్డిచాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా, చేతిలో భూతద్దం పట్టుకుని ఉంది. తెర మీద ఒక ముసలాయన, అడ్డంగా సాగిన మొహం, గళ్ళుగళ్ళుగా. కదిలితే ముందు చెయ్యి వస్తుంది, కాసేపటికి మొహం వస్తుంది. ఆయన పలక ఎత్తిపట్టుకున్నాడు. పలక మీద నల్లటి మరకలు. అక్షరాలని చెబితేగాని అక్షరాలని తెలియదు. టీవీలు చూసి చూసి అరిగిన కళ్ళు హిరావోవి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఒక్క ముక్క చదవలేకపోయాడు.

"సరే అన్నయ్యా, మంచిది. ఉంటా మరి!" అని సుగాయె చెయ్యి ఊపింది. తెర ఆర్పి, వెనక్కి తిరిగి, హిరావోని చూసి ఉలిక్కిపడి భూతద్దం వీపు వెనక దాచేసింది. ఆయన నొచ్చుకోకూడదని దాచింది, చూడండి, తన కోసం కాదు.

"ఏం రాశారు అన్నయ్యగారు?" అన్నాడు హిరావో. 

"ఏమో" అంది.  "ఎనిమిది వారాలైందండీ, ఒక్క మాట చదివితే ఒట్టు. మొదటివారం కనబడట్లేదు అన్నాను. పాపం అయిదుసార్లు చెరిపి చెరిపి పెద్దక్షరాలతో రాశాడు.  ఆఖరికి పలక పక్కన పడేసి గోడవైపు తిరిగిపోయాడు. బోర్డులు రాసిన చెయ్యండీ అది, నా రాత అంత చెడిపోయిందా అనుకున్నాడు. అప్పట్నించి అన్నిటికీ సరే అంటున్నా. సరే అంటే సంతోషిస్తాడు."

"నాకు చెప్పొచ్చు కదక్కా!"

"మీరు ఉత్తినే చేసిపెట్టారు. పైగా మానిటరుకి వయసైపోయిందన్నారు. దానికి మీరేం చేస్తారు?" నిజంగానే అంది, ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిస్తే బావుండు అనిపించింది హిరావోకి. "ఒకటే గుబులు. పోయిన వారం దాకా వరసగా మూడు వారాలు ఒకే సంగతి రాశాడు, పొడుగాటిది. మరకల వరస అలాగే ఉంది కాబట్టి అదే అని తెలిసింది. మూడుసార్లూ సరే అన్నా. దేనికి సరే అన్నానో ఏమో."

హిరావో కబుర్ల అట్ట కింద పెట్టాడు. యంత్రం ముందు కూర్చున్నాడు. మొదలయ్యే వరస తెరిచాడు. తను కొట్టిన మాట అక్కడే ఉంది, ఎనిమిది వారాలుగా. దాన్ని చెరిపాడు. స్విచ్చి వేశాడు. తెర నల్లగా అయింది. ఒక ఊపిరి, రెండు ఊపిర్లు. తర్వాత మసగ్గా వెలిగింది. జాబితాలోంచి సరైన డ్రైవరు ఎంచి వేశాడు, మళ్ళీ ఆపి మళ్ళీ వేశాడు. తెర నాలుగు మూలలా నిండింది. గడియారం గుండ్రంగా ఉంది. అక్షరాలు ఇప్పుడే చెక్కినట్టున్నాయి. గోడ గడియారం చూశాడు, మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

"అమ్మో! ఎంత బావుందండీ!" సుగాయె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "మానిటరు వయసు తగ్గిపోయిందే! మందేదైనా వచ్చిందా?"

చెప్పేయాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. కాని ఆవిడ మొహంలో ఆ వెలుగు, తనని చూస్తున్న ఆ చూపు… "ఆ… కొత్తదొకటి వచ్చిందక్కా, మొన్ననే" అన్నాడు. ఎవడికైనా ఒకసారి నోరు జారుతుంది. ఈయనకి రెండోసారి. సిగ్గు లేదూ అని నేనంటే ఏం, ఆయనే అనుకున్నాడు, తెర మీంచి చూపు తిప్పేసుకున్నాడు.

"నాలుగు దాకా ఆయమ్మ ఉంటుంది. మళ్ళీ పెట్టమందాం!" అని సుగాయె తనే నొక్కింది.

కిసాబురో కనిపించాడు. కనుబొమ్మల్లో తెల్లవెంట్రుకలు కూడా ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. ఆశ్చర్యపోయి పలక మీద గీకి ఎత్తాడు. సుగాయె పైకి చదివింది. "'మళ్ళీ ఎందుకు చేశావే? తోచట్లేదా?' ఓరి నా అన్నయ్యా!" అని కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది. "ఇందాక రాశావే, అది ఇంకోసారి రాయి. మళ్ళీ చదవాలనుంది."

ఆయన తలూపి, నిదానంగా రాశాడు. బోర్డు రాతగాడి రాత, ప్రతి గీతకీ మొదలూ తుదీ ఉంది. పలక ఎత్తాడు. సుగాయె హుషారుగా మొదలుపెట్టింది.

"'శుక్రవారం అమ్మానాన్నల సమాధి మూయించేశాను.'" గొంతు నిదానించింది. "'గుడివాళ్ళు వచ్చి మంత్రాలు చదివారు. రాయి తీసేశారు. ఎముకలు గుడిలో అందరివాటితో కలిపేశారు. నా తర్వాత చూసేవాళ్ళు లేరు కదా…'" అక్కడ ఆగింది. ఆయన చెరిపి మళ్ళీ రాశాడు. "'నీ మాట లేకుండా చెయ్యకూడదని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ సరే అన్నావు. ఇందాక చెప్పగానే నవ్వావు చూడు, అప్పుడు నా గుండె బరువు దిగింది.'"

 హిరావో చాప అంచు పట్టుకున్నాడు.

తెర మీద ముసలాయన చూస్తున్నాడు, చెల్లెలు ఏమంటుందోనని. సుగాయె మెడ కొంచెం వంచింది. "మంచిపని చేశావన్నయ్యా" అంది.  "కాలం కలిసొస్తే నేనే చెయ్యాల్సింది. కష్టమంతా నీకే పడింది. చలి ఎక్కువగా ఉందా అక్కడ?" చలి గురించి రెండు మాటలు, మందుల గురించి రెండు మాటలు. చెయ్యి ఊపింది. తెర ఆర్పింది. అలాగే దాని వైపే కూర్చుని ఉండిపోయింది.

"వసంతంలో వెళ్దామనుకున్నా" అంది, ఎవరితోనో అన్నట్టు. "పదకొండేళ్ళైంది వెళ్ళి. మోకాళ్ళు కాస్త నయమైతే ఒక్కసారి వెళ్ళి, ఆ రాయి కడిగి, అమ్మ పక్కన కాసేపు కూర్చుని వద్దామనుకున్నా. కలిపేశాక ఇంకేముంది. ఏది అమ్మో, ఏది ఎవరో."

హిరావోకి తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళు ఎవరి గడప తొక్కినా తలెత్తుకుని తొక్కినవాడు, నుదురు చాపకి ఆనించాడు. "కొత్తదేమీ రాలేదక్కా" అన్నాడు. "మానిటరుకి వయసూ లేదు. ఆ రోజు హాల్లో నేనే ఒక మాట పెట్టి, తీయకుండా వదిలేశా. తీయాలని తెలుసు. చదివాను. అందరి ముందూ మళ్ళీ నల్లబడితే పరువు పోతుందని… ఇందాక మళ్ళీ అబద్ధం చెప్పా. నేను మనిషిని కాదు."

 రేవులో ఓడ కూత వేసింది.

"ఎంతసేపు పట్టింది బాగుచెయ్యడానికి?"

"ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాలు" అంది సుగాయె. తిట్టలేదు. ఆ ఇరవై అనే మాటని నోట్లో అటూ ఇటూ తిప్పుకున్నట్టు ఇంకోసారి అంది. హిరావో నుదురు ఎత్తలేకపోయాడు.

"మళ్ళీ కలపండక్కా, అన్నయ్యగారికి నేనే చెబుతా. తప్పు నాదని, మీరు చదవలేదని…"

"నోరు ముయ్యి!"

యాభై ఎనిమిదేళ్ళలో ఆవిడ ఎవరినీ అలా అనగా ఎవరూ వినలేదు. హిరావో గారూ అనే నోట్లోంచి వచ్చింది. "వాడికి చెబుతావా? చెల్లెలు చదవకుండానే సరే అందని తెలిస్తే వాడు రేపటిదాకా బతుకుతాడా? అమ్మానాన్నల్ని తనే చేజేతులా కలిపేశానని కుమిలిపోయి చస్తాడు. నువ్వు చెప్పుకుని తేలికవుదామనుకుంటున్నావు. కుదరదు. చెప్పకుండా దాచడం నీకు బాగా వచ్చు కదా, దాచు. నాతోపాటు నువ్వూ దాచు." ఊపిరి పీల్చుకుంది. "వచ్చే ఆదివారం రెండింటికి రా."

"ఎందుకక్కా?"

"రమ్మన్నా. రా."

ఇంటికి వెళ్ళాక మసాయె, "ఏమయ్యా, కబుర్ల అట్ట ఇచ్చి రావడానికి ఇంతసేపా? ఏ తెర వెలిగించావేంటి మళ్ళీ?" అంది మామూలుగానే. హిరావో గుమ్మంలోనే కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మర్నాటి నుంచి తను బాగుచేసిన మిగిలిన పది యంత్రాల ఇళ్ళకీ వెళ్ళాడు. అందరూ మీ దయవల్ల బావుందన్నారు. ఆ మాట చెవిన వేసుకోకుండా లోపలికి దూరి, తెర ముందు కూర్చుని, తన కళ్ళతో చూసుకుని గాని లేవలేదు. జనం ఈయనకేమైందిరా అనుకున్నారు.

ఆదివారం రెండింటికి పది నిమిషాల ముందే సుగాయె గుమ్మంలో ఉన్నాడు. ఆవిడ మొహం చూడకుండానే తన పక్కన చాప మీద చోటు చూపించింది. టీ మాత్రం పోసింది. మా వీధిలో శత్రువుకైనా టీ పోస్తారు. కిసాబురో తెర మీదకొచ్చాడు. పక్కన కొత్తమనిషిని చూసి కనుబొమ్మలెగరేశాడు.

"వీరు హిరావో గారు అన్నయ్యా. నా యంత్రం బాగుచేసినవారు" అంది సుగాయె.

ముసలాయన మొహం వికసించింది. పలక ఒళ్ళోకి లాక్కుని, నాలిక కొస బయటపెట్టి, ఒక్కో గీతా దిద్దుతూ చాలాసేపు రాశాడు. రెండు చేతులతోనూ ఎత్తిపట్టుకున్నాడు. తెర మీద ఒక్క చుక్క చెదరలేదు. హిరావో ఎవరి సాయమూ లేకుండా చదవగలిగేవాడే. అయినా సుగాయె వేలు పెట్టి, పసివాడికి చదివి వినిపించినట్టు, ఒక్కో మాటా పైకి చదివింది.

"'మా చెల్లెలికి నా మాట వినిపించేలా చేసిన మహానుభావులు మీరు. మీరు లేకపోతే ఆ పెద్దపనికి నేను దాని అనుమతి అడగగలిగేవాణ్ణే కాదు. ఈ రుణం ఎలా తీర్చుకోను?'"

చదివి, హిరావో వైపు తిరిగింది. "జవాబు చెప్పండి. అన్నయ్య ఎదురుచూస్తున్నాడు."

హిరావో తెర వైపు నడుం వంచాడు. "మీ దయవల్ల" అన్నాడు.  అటు రుమోయిలో ఆ ముసలాయన కూడా, పలక పక్కన పెట్టి, ఈయన కంటే కిందికి వంగి నమస్కారం చేశాడు.